జావాస్క్రిప్ట్ యాప్‌ని కంటైనర్ ఇమేజ్‌గా కట్టడం ఎట్లా: లోపలికి ఏది పోవాల, బయట ఏది ఉండాల

హాస్టల్ ల్యాప్‌టాప్‌లో చక్కగా ఆడే నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపేది) యాప్‌ని తీస్కపోయి అంగట్లో మూలకున్న పాత పీసీలో పెడితే మొరాయిస్తాది. అక్కడ నోడ్ వర్షన్ వేరే, ఇక్కడ విండోస్ అయితే అక్కడ ఉబుంటు, లైబ్రరీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే నెట్ సగంలో పోతాది, ఇట్ల సవాలక్ష. ఈ గొడవ లేకుండా మీ కోడు, అది ఆడే నోడ్, లైబ్రరీలు, కింద కావాల్సిన చిన్న లినక్స్ ఫైళ్లు అన్నీ కలిపి ఒకే ప్యాకెట్ చేస్తే దాన్నే కంటైనర్ ఇమేజ్ అంటాం, ఆ ఇమేజ్‌ని నడిపిస్తే అది కంటైనర్.

ఇమేజ్ కట్టి నడిపే పనిముట్టు డాకర్, ఎట్లా కట్టాలో దానికి చెప్పే ఫైలు డాకర్‌ఫైల్. ఆ డాకర్‌ఫైల్ పది లైన్లు యాడైనా దొరుకుతాయి, కాపీ కొడితే బిల్డ్ గూడా అయితాది. తర్వాత గోల మొదలయితాది, పాస్‌వర్డ్ బయటపడిందనో, కంటైనర్ తీసేస్తే డేటా మొత్తం పోయిందనో, ఒక్క లైన్ మారిస్తే బిల్డ్‌కి అరగంట పడతాందనో. వీటన్నిటికీ మూలం ఒకటే, ఏది ఇమేజ్ లోపలికి పోవాల, ఏది బయటే ఉండాల అని ముందుగా తేల్చుకోకపోవడం. కాబట్టి ప్రతి స్టెప్పు కాడ ఇదే ప్రశ్న అడుక్కుంటా పోదాం.

ఉదాహరణకి ఒక చిన్న యాప్ తీసుకుందాం. కర్నూలు మార్కెట్ యార్డులో ఒక కమీషన్ అంగడి ఉంది అనుకోండి, పొద్దున్నే ఉల్లిగడ్డ, వేరుశనగ, కందులు క్వింటా రేటు ఎంత పలికిందో గుమస్తా టైప్ చేస్తాడు, రైతులు ఊర్లో నుంచే ఫోన్లో చూసుకుంటారు. ఎక్స్‌ప్రెస్ అనే నోడ్ లైబ్రరీతో రాసిన ఒక సర్వర్ ఫైలు, పేజీ ఉండే పబ్లిక్ ఫోల్డరు, రేట్లు దాచే ఒక జేసన్ ఫైలు, గుమస్తా లాగిన్‌కి ఒక పిన్ను. ఇంతే యాప్. చిన్నదే గానీ కోడు, డేటా, రహస్యం మూడూ ఉన్నాయి, మన ప్రశ్నకి సరిపోతాది.

ముందే ఒకటి చెప్పాల: కమాండ్లు, ఫైల్ పేర్లు అన్నీ పలికినట్టు తెలుగులో రాస్తాండా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టుకోండి. కమాండ్లు, ఇమేజ్ పేర్లు అన్నీ చిన్నక్షరాలే. డాకర్‌ఫైల్లో లైన్ మొదట వచ్చే మాట మాత్రం పెద్దక్షరాల్లో రాయడం అలవాటు. టీజెడ్, విటే లాంటి వేరియబుల్ పేర్లు, సిగ్‌టర్మ్ లాంటి సిగ్నల్ పేర్లు గూడా పెద్దక్షరాలే. ఆసియా/కోల్‌కతాలో ఏ, కే రెండూ పెద్దవి.

డాకర్ పెట్టుకోవడం

దీని మీద ఎక్కువ చెప్పను. ఉబుంటు అయితే సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ డాకర్.ఐఓ అంటే వచ్చేస్తాది. విండోస్ అయితే డాకర్ డెస్క్‌టాప్ వేసుకోవాల, దానికి డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్ లోపల లినక్స్ నడిపే సౌకర్యం) ఉండాల, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ అయి ఉండాల. కంటైనర్ అనేది లినక్స్ కెర్నల్‌లో ఉండే నేమ్‌స్పేస్, సీగ్రూప్ అనే సౌకర్యాల మీద ఆడేది, అందుకే విండోస్‌లో కింద ఒక లినక్స్ నడవక తప్పదు. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో డాకర్ డెస్క్‌టాప్ చాలా ఈడుస్తాది, అట్లాంటోళ్లు నేరుగా ఉబుంటు వేసుకోవడం మేలని నా అభిప్రాయం. పెద్ద కంపెనీల్లో వాడాలంటే డాకర్ డెస్క్‌టాప్‌కి డబ్బులు కట్టాల, చదువుకునేవాళ్లకి, చిన్న అంగళ్లకి ఫ్రీనే.

పెట్టుకున్నాక డాకర్ రన్ హలో-వరల్డ్ కొట్టండి, పలకరింపు మెసేజ్ వస్తే అయిపోయినట్టే. ఉబుంటులో పర్మిషన్ డినైడ్ అని వస్తే సూడో యూజర్‌మాడ్ -ఏజీ డాకర్ అని కొట్టి పక్కన మీ యూజర్ పేరు ఇచ్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాల (-ఏజీలో ఏ చిన్నది, జీ పెద్దది). ఆ గ్రూపులో ఉన్నవాడికి ఆ మిషన్‌లో రూట్ అధికారం, అంటే ఏమైనా చేయగల అధికారం ఉన్నట్టే లెక్క, కాబట్టి ల్యాబ్ సర్వర్‌లో అందర్నీ అందులో కలిపేయొద్దు.

కోడుని ముందు సిద్ధం చేయాల

చాలామంది నేరుగా డాకర్‌ఫైల్ మీద పడతారు. అంతకన్నా ముందు సర్వర్ ఫైల్లో నాలుగు పనులున్నాయి, ఇవి చేయకపోతే ఇమేజ్ ఎంత బాగా కట్టినా ఉపయోగం లేదు.

మొదటిది పోర్టు. 3000 అని కోడులో గట్టిగా రాసేయకుండా ప్రాసెస్.ఎన్వ్.పోర్ట్ ఉంటే అది, లేకపోతే 3000 అని రాయండి (యాప్‌కి ఇట్ల బయట నుంచి ఇచ్చే విలువనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు). రెండోది డేటా దాచే చోటు, అది గూడా డేటా_డిర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోని, లేకపోతే పక్కనున్న డేటా ఫోల్డర్ వాడుకునేట్టు పెట్టండి. పిన్ను సంగతి చెప్పనక్కర్లేదు, అది కోడులో ఉండనే ఉండకూడదు, అదీ ఎన్విరాన్‌మెంట్ నుంచే.

మూడోది లిజన్ చేసే అడ్రస్. కంటైనర్‌కి తనదే ఒక నెట్‌వర్క్ ఉంటాది, దాని లోకల్‌హోస్ట్ వేరు మీ ల్యాప్‌టాప్ లోకల్‌హోస్ట్ వేరు. యాప్ లోపల 127.0.0.1 మీద మాత్రమే వింటాంటే బయట నుంచి ఎంత తట్టినా పలకదు. ఎక్స్‌ప్రెస్‌లో అడ్రస్ ఇవ్వకుండా పోర్టు ఒక్కటే ఇస్తే అన్ని అడ్రస్‌ల మీదా వింటాది, ఇబ్బంది లేదు. ఎవరో చెప్పారని లోకల్‌హోస్ట్ అని రాసుంటే తీసేయండి, లేదా 0.0.0.0 పెట్టండి. వీట్ (రియాక్ట్ లాంటి యాప్‌లు కట్టే పనిముట్టు) డెవ్ సర్వర్ మాత్రం మామూలుగా లోకల్‌హోస్ట్ మీదే వింటాది, దాన్ని కంటైనర్లో ఆడించాలంటే --హోస్ట్ ఇవ్వాల.

నాలుగోది ఎవరూ పట్టించుకోనిది, ఆగమంటే ఆగడం. డాకర్ స్టాప్ అన్నప్పుడు డాకర్ మీ యాప్‌కి సిగ్‌టర్మ్ అనే సిగ్నల్ పంపి 10 సెకన్లు చూస్తాది, అప్పటికీ ఆగకపోతే సిగ్‌కిల్‌తో ఒక్కసారే చంపేస్తాది. కంటైనర్లో మీ నోడే ఒకటో నంబర్ ప్రాసెస్, లినక్స్‌లో ఒకటో నంబర్ ప్రాసెస్‌కి ఏంటంటే తను ప్రత్యేకంగా హ్యాండ్లర్ రాసుకోని ఉంటే తప్ప సిగ్‌టర్మ్ పని చేయదు. అందుకే హ్యాండ్లర్ లేని యాప్ ప్రతిసారీ 10 సెకన్లు నిలబడి, ఆ తర్వాత చస్తాది, గుమస్తా అప్పుడే రేటు సేవ్ చేస్తాంటే ఫైలు సగం రాసి ఆగిపోయే ప్రమాదం గూడా ఉంది. ప్రాసెస్.ఆన్‌లో సిగ్‌టర్మ్ పట్టుకోని సర్వర్.క్లోజ్ పిలిచి, అది అయ్యాక ప్రాసెస్.ఎగ్జిట్ పిలిస్తే చాలు, మూడు లైన్ల పని.

ఏ బేస్ మీద కట్టాల

నోడ్ అఫిషియల్ ఇమేజ్‌లు డాకర్ హబ్‌లో (ఇమేజ్‌లు దాచి పంచుకునే సైటు) ఉన్నాయి, ఒకే వర్షన్‌కి మూడు రకాలు ముఖ్యం. నోడ్:22 అనేది డెబియన్ మీద కంపైలర్లు, గిట్ అన్నీ పెట్టిన పెద్దది, విప్పితే 1 జీబీ పైనే. నోడ్:22-స్లిమ్ అదే డెబియన్ గానీ ఒళ్లు తగ్గించింది, 200 ఎంబీ పైచిలుకు. నోడ్:22-ఆల్పైన్ అన్నిటికన్నా చిన్నది, సుమారు 150, 160 ఎంబీ. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద పని చేసేవాళ్లకి ఈ తేడా ఏందో నేను చెప్పాల్సిన పని లేదు.

మరి అందరూ ఆల్పైన్ వాడొచ్చు గదా అంటే, అది మామూలు లినక్స్‌ల మాదిరి జీలిబ్‌సీ వాడదు, మజల్ అనే వేరే సీ లైబ్రరీ వాడతాది. స్వచ్ఛంగా జావాస్క్రిప్ట్‌లో రాసిన ప్యాకేజీలకి దీంతో పనే లేదు. సీ లేదా సీ ప్లస్ ప్లస్ కంపైల్ చేసుకునే ప్యాకేజీలు, అంటే బీక్రిప్ట్, ఎస్క్యూలైట్, ఫోటోలు చిన్నవి చేసేవి లాంటివి ఉంటే ఒక్కోసారి ఆల్పైన్‌లో తిక్క చూపిస్తాయి. మన రేట్ల యాప్‌లో ఎక్స్‌ప్రెస్ ఒక్కటే ఉంది కాబట్టి ఆల్పైన్. మీదాంట్లో అట్లాంటివి ఉండి ఆల్పైన్‌లో ఎర్రర్ వస్తే దాంతో పొద్దంతా కుస్తీ పట్టొద్దు, స్లిమ్‌కి మారిపోండి, ఆదా అయ్యే ఆ కాస్త ఎంబీలకి అంత తలనొప్పి అవసరం లేదు.

లేటెస్ట్ అని మాత్రం పెట్టొద్దు. లేటెస్ట్ అంటే అదొక పేరు అంతే, ఈరోజు ఒక వర్షన్ చూపిస్తాది, వచ్చే ఏడాది ఇంకోటి, మీరేం మార్చకుండానే యాప్ ఒకరోజు పగిలిపోతాది. 22 అనేది 2024 అక్టోబర్‌లో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే వర్షన్) అయింది, ఇట్లాంటి ఎల్‌టీఎస్ నంబరే రాయండి.

డాకర్‌ఫైల్

ప్రాజెక్ట్ ఫోల్డర్లో డాకర్‌ఫైల్ అనే పేరుతో, డీ ఒక్కటే పెద్దక్షరం, వెనక ఎక్స్‌టెన్షన్ ఏమీ లేకుండా ఒక ఫైలు చేయండి. విండోస్ నోట్‌ప్యాడ్ దానికి .టీఎక్స్‌టీ తగిలిస్తాది, చూసుకోండి.

ఫ్రమ్ నోడ్:22-ఆల్పైన్
వర్క్‌డిర్ /యాప్
ఎన్వ్ నోడ్_ఎన్వ్=ప్రొడక్షన్
కాపీ ప్యాకేజ్.జేసన్ ప్యాకేజ్-లాక్.జేసన్ ./
రన్ ఎన్‌పీఎం సీఐ --ఒమిట్=డెవ్
కాపీ . .
రన్ ఎంకేడిర్ -పి /యాప్/డేటా && సీహెచ్ఓన్ నోడ్:నోడ్ /యాప్/డేటా
యూజర్ నోడ్
ఎక్స్‌పోజ్ 3000
సీఎండీ ["నోడ్", "సర్వర్.జేఎస్"]

ఇందులో అసలు తెలివంతా నాలుగు, ఐదు, ఆరు లైన్ల వరసలో ఉంది. ప్యాకేజ్ ఫైళ్లు రెండూ ముందు కాపీ చేసి, ఎన్‌పీఎం సీఐ నడిపించి, ఆ తర్వాతే మిగతా కోడంతా కాపీ చేస్తాండాం. ఎప్పుడూ కోడంతా ఒకేసారి కాపీ చేస్తే పోలా, రెండు కాపీలెందుకు అని అడుగుతారు. ఇమేజ్ అనేది మిద్దె మీద మిద్దె కట్టినట్టు లేయర్ల మీద లేయర్లుగా కడతారు, కింద మిద్దెలో ఏదన్నా మారిస్తే దాని పైవన్నీ కూలగొట్టి మళ్లీ కట్టాల్సిందే, మారకపోతే పాతదే వాడుకుంటాది. మీ కోడు రోజుకి ఇరవై సార్లు మారుతాది, ప్యాకేజ్ ఫైళ్లు వారానికోసారి మారితే ఎక్కువ. అంతా ఒకేసారి కాపీ చేస్తే పేజీలో ఒక కామా మార్చినా ఆ లేయర్ మారినట్టే, దాని పైనున్న ఎన్‌పీఎం సీఐ మళ్లీ మొదట్నుంచి నెట్‌లో ప్యాకేజీలన్నీ దించుతాది. మన వరసలో అయితే కోడు మార్చి మళ్లీ బిల్డ్ చేసినప్పుడు ఎన్‌పీఎం లైన్ పక్కన క్యాష్డ్ అని కనిపించి రెండు మూడు సెకన్లలో అయిపోతాది. తరచుగా మారేది పై లేయర్లో (అంటే డాకర్‌ఫైల్లో చివర), అరుదుగా మారేది కింద లేయర్లో (ఫైల్లో ముందు), ఏ భాషలో యాప్ అయినా ఇదే లెక్క.

ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ వాడకుండా సీఐ ఎందుకంటే, అది ప్యాకేజ్-లాక్ ఫైల్లో ఏ వర్షన్ రాసుంటే ఖచ్చితంగా అదే దించుతాది, లాక్ ఫైలుకీ ప్యాకేజ్ ఫైలుకీ పొంతన లేకపోతే ఎర్రర్ కొట్టి ఆగిపోతాది. లాక్ ఫైలు లేకపోతే నడవనే నడవదు. కొంతమంది లాక్ ఫైల్‌ని గిట్ ఇగ్నోర్లో వేసి పెడతారు, ఎందుకు వేస్తారో నాకైతే అర్థం కాదు, వేసుంటే తీసేయండి. --ఒమిట్=డెవ్ అంటే టెస్టింగ్‌కి, డెవలప్‌మెంట్‌కి వాడే సామాను ఇమేజ్‌లోకి రాకుండా ఆపడం.

యూజర్ లైన్ రాయకపోతే మీ యాప్ కంటైనర్లో రూట్‌గా నడుస్తాది. మీ కోడులోనో ప్యాకేజీలోనో ఏదన్నా బొక్క ఉండి ఎవడన్నా దూరితే వాడి చేతికి కంటైనర్లో రూట్ అధికారం దొరికినట్టే. నోడ్ ఇమేజ్‌లలో నోడ్ అనే మామూలు యూజర్ ముందే తయారై ఉంటాడు, యూఐడీ 1000, అతన్నే వాడుకుంటాండాం. కాకపోతే కాపీ చేసిన ఫైళ్లు రూట్ పేరు మీద ఉంటాయి, నోడ్ యూజర్ చదవగలడు గానీ రాయలేడు, కోడు విషయంలో మనకి కావాల్సింది గూడా అదే. డేటా ఫోల్డర్లో మాత్రం రాయాల గదా, అందుకే యూజర్ మార్చకముందే ఆ ఫోల్డర్ చేసి నోడ్‌కి అప్పజెప్పినాం.

ఎక్స్‌పోజ్ లైన్ చూసి పోర్టు తెరుచుకున్నట్టే అని చాలామంది అనుకుంటారు, అది ఒట్టి సమాచారం, తెరిచేది రన్ చేసేటప్పుడు ఇచ్చే -పి. చివరి లైన్లో బ్రాకెట్లు, డబుల్ కోట్లు ఉన్నాయి గదా, అవి అట్లే ఉండాల. ఒట్టిగా సీఎండీ నోడ్ సర్వర్.జేఎస్ అని రాస్తే మధ్యలో ఒక షెల్ దూరుతాది, ఎన్‌పీఎం స్టార్ట్ అని పెడితే ఎన్‌పీఎం దూరుతాది, అప్పుడు సిగ్‌టర్మ్ మీ యాప్ దాకా సరిగా చేరుతాదని నమ్మకం లేదు, పైన కష్టపడి రాసిన హ్యాండ్లర్ వేస్టు.

డాకర్‌ఇగ్నోర్: లోపలికి రానీకూడనివి

కాపీ . . అంటే ఫోల్డర్లో ఏముంటే అది మొత్తం లోపలికి లాక్కోమని. అందులో మీ నోడ్_మాడ్యూల్స్ ఉంటాది, .గిట్ ఉంటాది, పిన్ను రాసుకున్న .ఎన్వ్ ఉంటాది, నిన్నటి రేట్ల డేటా ఉంటాది, ఎవరో పెట్టిన సినిమా గూడా ఉండొచ్చు. కాబట్టి .డాకర్‌ఇగ్నోర్ అనే ఫైలు చేసి లైన్‌కి ఒకటి చొప్పున ఇవి రాయండి:

నోడ్_మాడ్యూల్స్
.గిట్
.ఎన్వ్
డేటా
డాకర్‌ఫైల్

నోడ్_మాడ్యూల్స్ ఎందుకు వద్దంటే సైజు ఒక్కటే కారణం కాదు. విండోస్‌లోనో మ్యాక్‌లోనో కంపైల్ అయిన ప్యాకేజీలు లోపలికి పోయి, లోపల శుభ్రంగా దించుకున్న లినక్స్‌వాటి మీద కూర్చుంటాయి, రన్ చేసినప్పుడు ఇన్‌వాలిడ్ ఈఎల్ఎఫ్ హెడర్ అని ఒక వింత ఎర్రర్ వస్తాది. ఆ ఎర్రర్ చూశారంటే కళ్లు మూసుకోని ఈ ఫైలు కాడికి రండి.

.ఎన్వ్ సంగతి ఇంకా సీరియస్. ఒక లేయర్లో కాపీ అయింది తర్వాత లేయర్లో డిలీట్ చేసినా కింద లేయర్లో అట్లే ఉంటాది, ఇమేజ్ చేతికి దొరికినోడు తీసి చదువుకోవచ్చు. డాకర్‌ఫైల్లో ఎన్వ్ పిన్=1234 అని రాసినా, ఆర్గ్ ద్వారా పంపినా, డాకర్ హిస్టరీ, డాకర్ ఇన్‌స్పెక్ట్ లాంటి కమాండ్లతో బయటపడతాది. ఒకసారి లోపలికి పోయిన రహస్యాన్ని దాచే మార్గం లేదు, ఆ పిన్ను మార్చేసుకోవడమే. అందుకే అసలు పోనీకూడదు.

బిల్డ్, తర్వాత రన్

డాకర్ బిల్డ్ -టి రేట్స్:1.0 .

చివరి చుక్క మర్చిపోవద్దు, ఈ ఫోల్డర్ నుంచే సామాను తీసుకో అని దాని అర్థం. మొదటిసారి బేస్ ఇమేజ్ దిగాల కాబట్టి టైం పడతాది. అయ్యాక డాకర్ ఇమేజెస్ కొడితే సైజు కనిపిస్తాది, ఎక్స్‌ప్రెస్ ఒక్కటే ఉన్న యాప్ ఆల్పైన్ బేస్ కన్నా పది ఇరవై ఎంబీలకి మించి పెరగకూడదు. మూడొందలు, నాలుగొందలు చూపిస్తే ఏదో రాకూడనిది లోపలికి వచ్చింది, డాకర్ రన్ --ఆర్ఎం రేట్స్:1.0 ఎల్ఎస్ -ఎల్ఏ అని కొట్టి చూడండి.

ఇప్పుడు నడిపిద్దాం. ఇది ఒకే లైన్లో కొట్టాల:

డాకర్ రన్ -డి --నేమ్ రేట్స్ -పి 8080:3000 --ఎన్వ్-ఫైల్ .ఎన్వ్ -ఇ టీజెడ్=ఆసియా/కోల్‌కతా -వి రేట్స్-డేటా:/యాప్/డేటా --రీస్టార్ట్ అన్‌లెస్-స్టాప్డ్ --లాగ్-ఆప్ట్ మ్యాక్స్-సైజ్=10ఎం --లాగ్-ఆప్ట్ మ్యాక్స్-ఫైల్=3 రేట్స్:1.0

పొడుగుంది గానీ ఇందులో ఉన్నవన్నీ ఇమేజ్ బయట ఉండాల అని మనం తేల్చుకున్నవే.

8080:3000లో ఎడమది మీ మిషన్ పోర్టు, కుడిది కంటైనర్ లోపలి పోర్టు, ఇది తిరగేసి రాసి గంటలు తల బాదుకునేవాళ్లు ఎంతమందో. బ్రౌజర్లో లోకల్‌హోస్ట్:8080 తెరవండి. లినక్స్ సర్వర్లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టుకోని ధైర్యంగా ఉన్నవాళ్లు గమనించాల్సింది, -పితో తెరిచిన పోర్టు యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్‌ని దాటేసి బయటికి కనిపిస్తాది. ఆ మిషన్‌కే పరిమితం కావాలంటే 127.0.0.1:8080:3000 అని రాయండి.

ఎన్వ్ ఫైల్లో పిన్=4321 అని రాసేటప్పుడు కోట్లు పెట్టొద్దు. డాట్‌ఎన్వ్ ప్యాకేజీ కోట్లు తీసేసి చదువుతాది, డాకర్ రన్ మాత్రం కోట్లతో సహా విలువ అనుకుంటాది. ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయ్యే పిన్ను కంటైనర్లో తప్పు అని వస్తాంటే మొదట ఇదే చూడాల.

టైం జోన్ సంగతి మన రేట్ల యాప్‌కి చానా ముఖ్యం. కంటైనర్ మామూలుగా యూటీసీలో ఉంటాది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. తెల్లారి 5:30 లోపల గుమస్తా రేటు ఎక్కిస్తే అది నిన్నటి తేదీ కింద పడతాది, రైతు ఫోన్ చేసి ఇదేందప్పా పాత రేటు చూపిస్తాంది అంటాడు. టీజెడ్ ఇస్తే నోడ్ సరిచేసుకుంటాది, తేదీల లెక్క తన లోపలే ఉంది కాబట్టి. లోపలికి పోయి డేట్ కమాండ్ కొడితే మాత్రం ఇంకా యూటీసీనే చూపిస్తాది, ఆల్పైన్‌లో టీజెడ్‌డేటా ప్యాకేజీ లేకపోవడం వల్ల, అది చూసి కంగారు పడొద్దు. ఇంకో మెలిక ఉంది, తేదీ కోసం టూఐఎస్ఓస్ట్రింగ్ పిలిచి మొదటి పది అక్షరాలు కోసుకునే అలవాటు ఉంటే టీజెడ్ ఎంత పెట్టినా లాభం లేదు, అది ఎప్పుడూ యూటీసీనే ఇస్తాది, అక్కడ కోడే మార్చుకోవాల.

-వి అనేది వాల్యూమ్. కంటైనర్ లోపల రాసిన ఫైలు ఆ కంటైనర్ ఉన్నంతవరకే, డాకర్ ఆర్ఎం కొడితే దాంతోపాటే పోతాది. స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే పోదు, అదే జనాల్ని మోసం చేసేది, ఇన్నాళ్లూ ఉంది గదా అని ధైర్యంగా ఉండి కొత్త వర్షన్ పెట్టిన రోజు మొత్తం ఖాళీ. రేట్స్-డేటా అనే పేరుతో వాల్యూమ్ ఇస్తే అది కంటైనర్‌తో సంబంధం లేకుండా డాకర్ దగ్గర విడిగా ఉంటాది. ఖాళీ వాల్యూమ్ మొదటిసారి తగిలించినప్పుడు ఇమేజ్‌లో ఆ ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉందో అదే వాల్యూమ్‌కి వస్తాది, డాకర్‌ఫైల్లో సీహెచ్ఓన్ చేసిన ఫలితం ఇక్కడ దక్కుతాది. వాల్యూమ్ పేరు బదులు మీ మిషన్‌లోని ఫోల్డర్ని నేరుగా తగిలిస్తే ఈ సౌకర్యం ఉండదు, పర్మిషన్లు మీరే చూసుకోవాల. బ్యాకప్‌కి డాకర్ సీపీ రేట్స్:/యాప్/డేటా ./బ్యాకప్ అంటే బయటికి కాపీ అయితాది, రాత్రిపూట క్రాన్‌లో (చెప్పిన టైంకి కమాండ్ నడిపేది) వేసుకోండి.

రీస్టార్ట్ గురించి కర్నూలు ఎండాకాలంలో బతికినవాళ్లకి వివరించాలా? కరెంట్ పోయి వచ్చి పీసీ మళ్లీ ఆన్ అయితే కంటైనర్ దానంతటదే లేస్తాది, మీరు కావాలని స్టాప్ చేసుంటే తప్ప. లాగ్ ఆప్షన్లు ఎందుకంటే డాకర్ మామూలుగా లాగ్‌లని హద్దు లేకుండా రాస్తానే పోతాది, ఆరు నెలలకి డిస్క్ నిండిపోయి పీసీయే ఆగిపోతాది. లాగ్ చూడాలంటే డాకర్ లాగ్స్ -ఎఫ్ రేట్స్.

అన్నా, నాది రియాక్ట్ యాప్, సర్వరే లేదు అనేవాళ్లకి

మీకు నోడ్ కావాల్సింది బిల్డ్ చేసేటప్పుడు మాత్రమే, బిల్డ్ అయ్యాక మిగిలేది హెచ్‌టీఎంఎల్, జేఎస్, సీఎస్ఎస్ ఫైళ్లు. కాబట్టి ఒక స్టేజ్‌లో నోడ్‌తో కట్టి, ఫలితాన్ని మాత్రం ఇంకో చిన్న ఇమేజ్‌లోకి మారుస్తాం:

ఫ్రమ్ నోడ్:22-ఆల్పైన్ యాజ్ బిల్డ్
వర్క్‌డిర్ /యాప్
కాపీ ప్యాకేజ్.జేసన్ ప్యాకేజ్-లాక్.జేసన్ ./
రన్ ఎన్‌పీఎం సీఐ
కాపీ . .
రన్ ఎన్‌పీఎం రన్ బిల్డ్
ఫ్రమ్ ఎన్‌జినెక్స్:ఆల్పైన్
కాపీ --ఫ్రమ్=బిల్డ్ /యాప్/డిస్ట్ /యూఎస్ఆర్/షేర్/ఎన్‌జినెక్స్/హెచ్‌టీఎంఎల్

ఎన్‌జినెక్స్ అంటే ఫైళ్లని బ్రౌజర్‌కి అందించే వెబ్ సర్వర్, అక్షరాలు ఎన్ జీ ఐ ఎన్ ఎక్స్, వర్షన్ నంబర్ గూడా పక్కన పెట్టుకోండి. ఇక్కడ --ఒమిట్=డెవ్ లేదు చూడండి, వీట్ లాంటి బిల్డ్ సామానంతా డెవ్ డిపెండెన్సీల్లోనే ఉంటాది, తీసేస్తే బిల్డే కాదు. మొదటి స్టేజ్‌లో ఎంత చెత్త ఉన్నా చివరి ఇమేజ్‌లోకి రాదు. లోపలి పోర్టు 80 కాబట్టి -పి 8080:80. హోమ్ పేజీ బాగానే వచ్చి, లోపలి పేజీలో రీఫ్రెష్ కొడితే 404 వస్తాంటే ఎన్‌జినెక్స్ కాన్ఫిగ్‌లో ట్రై_ఫైల్స్ పెట్టి, దొరకని దారులన్నీ ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్‌కి మళ్లించాల.

ఒక జాగ్రత్త: విటే_ (వీట్ పేరే, వీ ఐ టీ ఈ) అని మొదలయ్యే వేరియబుల్స్ బిల్డ్ టైంలోనే జేఎస్ ఫైళ్లలో కలిసిపోతాయి, రన్ చేసేటప్పుడు -ఇ తో మార్చినా మారవు, పైగా బ్రౌజర్లో ఎవరైనా చదవొచ్చు. అక్కడ రహస్యాలు పెట్టేది లేదు.

ఇమేజ్‌ని అంగడి పీసీకి చేర్చడం

నెట్ బాగుంటే డాకర్ హబ్‌లో అకౌంట్ తీసి డాకర్ లాగిన్, డాకర్ ట్యాగ్ రేట్స్:1.0 మీపేరు/రేట్స్:1.0, డాకర్ పుష్ మీపేరు/రేట్స్:1.0, అక్కడ డాకర్ పుల్, ఇంతే. పుష్ చేసేముందు రిపోజిటరీ ప్రైవేటా పబ్లికా చూసుకోండి.

నెట్ బాగాలేని చోటికి పెన్‌డ్రైవే ఉత్తమం. డాకర్ సేవ్ -ఓ రేట్స్.టార్ రేట్స్:1.0 కొడితే ఇమేజ్ మొత్తం ఒక ఫైలయితాది, అక్కడ డాకర్ లోడ్ -ఐ రేట్స్.టార్. నెట్ అవసరమే లేదు, ఎన్‌పీఎం గూడా అక్కర్లేదు. అక్కడ డాకర్ బదులు అదే పని చేసే పాడ్‌మ్యాన్ ఉన్నా నడుస్తాది, 2015లో మొదలైన ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్ ఇమేజ్ ఎట్లుండాలో ఒక ప్రమాణం పెట్టింది కాబట్టి. ఎన్వ్ ఫైలు ఇమేజ్‌తో రాదు, దాన్ని అక్కడే చేతితో రాయాల.

మీది కొత్త మ్యాక్ అయితే ఇమేజ్ ఏఆర్ఎం చిప్‌కి తయారయితాది, అంగడి పీసీ ఇంటెల్‌దో ఏఎండీదో అయితే ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్ వస్తాది. బిల్డ్ చేసేటప్పుడే --ప్లాట్‌ఫామ్ లినక్స్/ఏఎండీ64 ఇచ్చేయండి.

తరచుగా వచ్చే ఇంకొన్ని: పోర్ట్ ఈజ్ ఆల్రెడీ అలొకేటెడ్ అంటే ఎడమ పోర్టు వేరేవాళ్లు వాడుతున్నారు, 8081 పెట్టుకోండి. క్యానాట్ ఫైండ్ మాడ్యూల్ అంటే ఎక్కువసార్లు ఆ ప్యాకేజీ డెవ్ డిపెండెన్సీల్లో పడుంటాది, లేదా ఫైల్ పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా, విండోస్ క్షమిస్తాది లినక్స్ క్షమించదు. కంటైనర్ లేచి వెంటనే పడిపోతాంటే డాకర్ పీఎస్ -ఏ చూసి, డాకర్ లాగ్స్ చదవండి, కారణం తొంభై శాతం అక్కడే ఉంటాది.

కొత్త వర్షన్ వచ్చినప్పుడు

నడుస్తున్న కంటైనర్ లోపలికి పోయి ఫైళ్లు దిద్దేవాళ్లున్నారు, అది వద్దు, కంటైనర్ తీసేస్తే ఆ దిద్దుబాటు గూడా పోతాది. కోడు మార్చి, రేట్స్:1.1 అని కొత్త ట్యాగ్‌తో బిల్డ్ చేసి, డాకర్ స్టాప్ రేట్స్, డాకర్ ఆర్ఎం రేట్స్, తర్వాత అదే పొడుగు రన్ కమాండ్ చివర 1.1 మార్చి కొట్టండి. ఆ కమాండ్‌ని ఒక స్క్రిప్ట్ ఫైల్లో రాసిపెట్టుకుంటే ఆప్షన్ ఏదీ మర్చిపోరు. వాల్యూమ్ అదే కాబట్టి రేట్లన్నీ అట్లే ఉంటాయి. 1.1లో ఏదన్నా తేడా కొడితే మళ్లీ స్టాప్, ఆర్ఎం చేసి 1.0తో లేపండి, బేరాలు మొదలయ్యే లోపల పని అయిపోతాది, తప్పు ఏందో సాయంత్రం తీరిగ్గా వెతుక్కోవచ్చు. అందుకే పాత ఇమేజ్ ఒకటన్నా ఉంచుకోవాల. మరీ పాతవి డాకర్ ఆర్ఎంఐ రేట్స్:0.9 అని పేరు చెప్పి తీసేయండి, డాకర్ ఇమేజ్ ప్రూన్ పేరు లేని ముక్కల్ని ఊడ్చేస్తాది. డాకర్ వాల్యూమ్ ప్రూన్ -ఏ జోలికి మాత్రం బ్యాకప్ లేకుండా పోవద్దు, స్టాప్, ఆర్ఎం చేసి కొత్తది ఇంకా లేపకముందు అది కొట్టారంటే రేట్స్-డేటా గూడా ఎవరూ వాడని వాల్యూమ్ కిందే లెక్క, ఊడ్చుకోని పోతాది.